విషమే వాహనమైన కథ

మన పూర్వులు తెలుగుసీమ విడిచివచ్చి స్థిరపడిన ప్రాంతములలో ఒకే వ్యాధికి ఎన్ని పేర్లు గలవో గమనించినచో ఆశ్చర్యము కలుగును. తమిళదేశమున అది పెరియమ్మై, కన్నడదేశమున సిడుబు, మహారాష్ట్రమున దేవి, ఒడిశాలో బసంత. తెలుగువారు గ్రంథములలో మశూచికమనియు స్ఫోటకమనియు వ్రాసికొన్నను, ఇంటిలో ఆ పేరు పలుకుటకు జంకి "అమ్మవారు పోసినది" అని మాత్రమే చెప్పుకొనెడివారు. రెండు మూడు భాషలు మాటలాడు మన యిండ్లలో ఈ పేర్లన్నియు నెరిగిన ముదుసలులు ఇంకను ఉన్నారు. ఆ పేర్లను భయముతో పలికిన తరములలో వారిదే కడపటిది. ఏలయనగా 1980 మే 8వ తేదీన ప్రపంచారోగ్య సభ ఆ వ్యాధి భూమిమీద లేదని ప్రకటించినది.

ఆ ముదుసలుల చేతిమీద, మోచేతికి దిగువనో ఎగువనో, పావలా కాసంత గుండ్రని మచ్చలు ఒకటి రెండు కానవచ్చును. (బి.సి.జి. టీకా మచ్చ వేరు. అది ఎడమ భుజముమీద చిన్నదిగా నుండును.) ఆ మచ్చను మిగిల్చినది మశూచి వైరసు కాదు, దాని దాయాది. దాయాదుల పోరు మనకు క్రొత్త కాదు గదా! ఆ దాయాదిచేతనే మశూచిని రూపుమాపిన పిదప శాస్త్రజ్ఞులు దానికి మరియొక కొలువు కల్పించిరి. ఇతర వ్యాధుల గుర్తులను మోసికొనిపోయి శరీరమునకు ముందుగా చూపెడి బంటుగా దానిని మలచిరి. దాని వెనుక వేరు వైరసులును ఆ కొలువులో చేరినవి. గడచిన కోవిడ్ కాలమున మనలో పెక్కుమందికి వేసిన టీకా అట్టిదే. ఆ బంటు పుట్టుపూర్వోత్తరములను విచారించుటకే ఈ వ్యాసము.

వైరసు అను లాటిను పదమునకు విషమని యర్థము. అట్టి బంటును శాస్త్రపరిభాషలో వాహకమందురు. నేను వాహనమనియే వ్యవహరింతును. ఉత్తరదేశమున మశూచికి అధిదేవతయైన శీతలకు గాడిద వాహనము. వాహనము తాను వరమీయదు, వరమిచ్చువారిని మోసికొనివచ్చును. ఇచ్చట జరుగునదియు నట్టిదే.

టీకా యను మాట జెన్నరుకంటె పాతది. బంగాళమునను ఒడిశాలోను టీకాదారులను వృత్తివారు మశూచి పొక్కులనుండి తీసిన పదార్థమును సూదితో చేతిమీద గ్రుచ్చెడివారు. అది తిలకమువలె గుర్తు మిగుల్చునది. (మన కోలాచల మల్లినాథసూరి కాళిదాస కావ్యములకు వ్రాసిన టీక వేరు సుమా.) హాల్వెల్ అను ఆంగ్లేయుడు ఈ పద్ధతిని వర్ణించుచు 1767లో ఒక గ్రంథము ప్రకటించెను. ఇట్లు తెప్పించుకొన్న మశూచి సాధారణముగా తేలికగా పోయెడిది. కాని వచ్చునది అసలు మశూచియే. టీకా పొందినవాడు దానిని ఇరుగుపొరుగులకు అంటింపగలడు; కొందరు మరణించుటయు కలదు.

ఇంగ్లండులో జెన్నరు చేసిన మార్పు చిన్నదిగా కానవచ్చును. 1796 మే 14వ తేదీన ఆయన శారా నెల్మ్సు అను పాలు పితుకు స్త్రీ చేతిమీది గోమశూచి పొక్కునుండి పదార్థము తీసి, జేమ్సు ఫిప్సు అను ఎనిమిదేండ్ల బాలుని చేతిమీద గీరి యెక్కించెను. జూలై నెలలో అసలు మశూచినే ఎక్కించి చూడగా బాలునికి వ్యాధి రాలేదు. నేటి ధర్మము ప్రకారము ఆ పరీక్షకు ఏ సంఘమును అనుమతి నీయదు. గోవునకు లాటినులో వాక్కా యని పేరు. దానినుండియే వాక్సిను అను మాట పుట్టినది. తరువాత 1881లో పాశ్చరు, జెన్నరు గౌరవార్థము, అన్ని వ్యాధుల టీకాలకును ఆ పేరే యుండవలెనని ప్రతిపాదించెను.

కనిపెట్టుట యొక యెత్తు, చేరవేయుట యొక యెత్తు. నాడు మంచుపెట్టెలు లేవు. దారములకు పూసి యెండబెట్టిన పదార్థము ఓడప్రయాణములో నిర్వీర్యమగుచుండెను. జీవముతో నిలుపుటకు ఒక్కటే మార్గము. ఒకరి చేతిమీద పొక్కు పండిన ఎనిమిది తొమ్మిది దినములకు దానినుండి మరియొకరికి ఎక్కించుట, వారినుండి వేరొకరికి. స్పెయిను దేశపు రాజు 1803లో బాల్మిసు అను వైద్యుని నాయకత్వమున అమెరికా ఖండమునకు ఓడ పంపినపుడు, అందు 22 మంది అనాథ బాలురను ఎక్కించిరి. సముద్రము దాటువరకు టీకా వారి చేతులమీదనే ప్రయాణము చేసినది. వైరసును వాహనముగా చేసికొనుట తరువాతి మాట. ఆ కాలమున వైరసునకే వాహనము కావలసివచ్చెను, ఆ వాహనము పసిపిల్లల చేయి.

భారతదేశమునకు వచ్చిన దారియు నట్టిదే. వియన్నాలోని డి కారో అను వైద్యుడు పంపిన పదార్థము కాన్‌స్టాంటినోపిలు మీదుగా బాగ్దాదు చేరి, అచ్చటినుండి బస్రాకును, బస్రానుండి బొంబాయికిని చేతినుండి చేతికి మారుచు వచ్చినది. 1802 జూన్ 14వ తేదీన బొంబాయిలో ఆనా డస్ట్‌హాల్ అను మూడేండ్ల పిల్లకు అది పట్టినది. ఆమె ఒక పరిచారిక కుమార్తె యని తప్ప చరిత్రకు ఎక్కువ తెలియదు. మరునాటి వారమున ఆమె చేతినుండి మరి యైదుగురు పిల్లలకు ఎక్కించిరి. అచ్చటినుండి టీకా బయలుదేరి హైదరాబాదు, కొచ్చి, తలచేరి, చెంగల్పట్టు, మదరాసు చేరి, తుదకు మైసూరు రాజాస్థానమునకు వచ్చినది. నాడు దక్షిణదేశమున టీకా పొందినవారి పరంపరలో మూలపురుషుడు లేడు, మూలబాలిక గలదు. ఆమె పేరున ఒక శిలాఫలకమైనను ఉండదగును.

మైసూరు సంగతి కన్నడసీమలోని మనవారు వినదగినది. మూడవ కృష్ణరాజ ఒడయరు కాలపు రాణుల చిత్రపటమొకటి కలదు. 1805 ప్రాంతమున థామస్ హిక్కీ చిత్రించినదని దానిని గూర్చి చెప్పుదురు. అందు ఒక రాణి పైటకొంగు తొలగి ఎడమచేయి కనబడుచుండును. అంతఃపుర స్త్రీ అట్లు చేయి చూపుట ఆ కాలపు మర్యాదకు విరుద్ధము. కావున ఆమె టీకా వేయించుకొన్న చోటును ప్రజలకు చూపుచున్నదని ఒక చరిత్రకారుడు వ్యాఖ్యానించెను. ఇది యూహయే కాని సమంజసమైన యూహ. రాణి వేయించుకొన్నదన్న మాట చాటింపుకంటె బలమైనది.

ప్రజలు జంకుటకు కారణములు లేకపోలేదు. పరాయి ప్రభుత్వము, పశువు దేహమునుండి వచ్చిన పదార్థము, అది యే కులపు పిల్లవాని చేతినుండి తన పిల్లవానికి వచ్చుచున్నదో తెలియదు. ఈ జంకును పోగొట్టుటకు మదరాసులో జరిగిన యొక ప్రయత్నము విచిత్రమైనది. మదరాసు కలెక్టరుగా నుండిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ పేరు మన భాషాభిమానులకు తెలిసినదే. తెలుగు సంస్కృతజన్యము కాదనియు, తమిళ కన్నడములతో కూడిన వేరొక కుటుంబమునకు చెందినదనియు 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణమునకు చేర్చిన ఉపోద్ఘాతమున మొదట నిరూపించిన మహనీయుడాయన. ఆ యెల్లిసే గోమశూచిని గోమాత యొసగిన వరముగా వర్ణించుచు తమిళమున ఒక పురాణకథ వంటి రచనను కల్పించెను. పంచగవ్యములను పవిత్రముగా భావించు ప్రజలు దీనిని గూడ అట్లే స్వీకరింతురని ఆయన యాశ.

అంతటితో ఆగియున్న బాగుండెడిది. 1819లో "మద్రాస్ కొరియర్" పత్రికలో మారుపేరుతో ఒక లేఖ వెలువడినది. ధన్వంతరి కృతమైన యొక ప్రాచీన గ్రంథమున ఆవు పొదుగుమీది పొక్కునుండి పదార్థము తీసి చేతిమీద ఎక్కించు విధానము చెప్పబడినదని అందు వ్రాసిరి. అట్టి శ్లోకము ఏ ప్రామాణిక వైద్యగ్రంథమునను లేదు. ఈ విషయమును శోధించిన నేటి పండితులు ఆ లేఖ వెనుక ఎల్లిసు హస్తమున్నదని అనుమానించుచున్నారు. సదుద్దేశముతో ఆడినదైనను అబద్ధము తిరిగివచ్చును. ఐరోపా గ్రంథకర్తలు దానిని నిజమని నమ్మి ఉదాహరించిరి. 1905లో గిండీలోని కింగ్ సంస్థను ప్రారంభించుచు మదరాసు గవర్నరు ఆంప్ట్‌హిల్ ప్రభువు సైతము ప్రాచీన హిందువులు ఈ విద్య నెరిగియుండిరని సభలో పలికెను. తెల్లదొర కల్పించినది వేరొక తెల్లదొర నోట ప్రమాణవాక్యమైనది! మనవారును దానిని గర్వముగా వల్లించుట నేటికిని కలదు. టీకాదారుల సూది మన పూర్వుల నిజమైన కీర్తి. లేని శ్లోకముతో దానికి మెరుగు పెట్టనక్కరలేదు.

చేతినుండి చేతికి ఎక్కించు పద్ధతిలో వేరొక యపాయము దాగియుండెను. 1861లో ఇటలీలోని రివాల్టా గ్రామమున టీకాతో పాటు సవాయిరోగము పిల్లలకు ప్రాకినది. ఒక వాహనముపై ఎవరెక్కి వచ్చుచున్నారో చూడకుండుటవలన కలిగిన విపత్తది. అందుచే దూడల చర్మముమీద టీకా పదార్థమును పెంచు పద్ధతి వ్యాపించి, ఇంగ్లండులో 1898లో చేతినుండి చేతికి ఎక్కించుట నిషేధింపబడినది. మదరాసు రాజధానిలో ఆ పని కొరకే 1899లో గిండీయందు కింగ్ సంస్థ ఏర్పడినది. మరి యర్ధశతాబ్దమునకు పొడిగా ఎండించిన టీకా వచ్చి, వేసవి యెండలోను చెడకుండ గ్రామములకు చేరసాగెను. మన దేశమున అట్టి పొడిటీకాను తయారుచేసిన చోట్లు నాలుగు: నైనితాలు దగ్గరి పట్వాడాంగర్, బెల్గాము, గిండీ, హైదరాబాదు. అందు రెండు మన ప్రవాసపు సీమలలో నున్నవి. ఒకటి తెలుగునాట నున్నది.

నిర్మూలన కథ ప్రసిద్ధము కావున క్లుప్తముగా చెప్పుదును. 1962లో జాతీయ కార్యక్రమము మొదలైనది. అందరికిని టీకా వేయుటకు బదులు, రోగి యెక్కడ కనబడిన అక్కడ చుట్టుప్రక్కలవారికి వెంటనే వేసి వ్యాధిని వలయములో బంధించు పద్ధతి తరువాత అనుసరింపబడినది. 1974లో, ముఖ్యముగా బీహారున, వ్యాధి విజృంభించి దేశమున 1,80,000 మందికి పైగా రోగపీడితులైరి. మరు సంవత్సరము మే నెలతో మన దేశమున చివరి కేసు ముగిసినది. 1977 అక్టోబరులో సోమాలియాలో ఒక ఆసుపత్రి వంటవానికి వచ్చినదే ప్రకృతిసిద్ధమైన చివరి మశూచి. ఆ వలయపు పద్ధతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. అది మరల వచ్చును.

ఇంత పని చేసిన ఆ దాయాది యెవరు? జెన్నరు ఆవునుండి తీసెను గావున గోమశూచి యనియే అందరును తలచిరి. 1939లో డౌనీ అను బ్రిటిషు శాస్త్రజ్ఞుడు పరీక్షించి, వాడుకలోని టీకా వైరసు గోమశూచి వైరసు కాదని చూపెను. దానికి వాక్సీనియా అని ప్రత్యేకముగా పేరు పెట్టవలసివచ్చెను. 1902లో అమెరికాలో తయారైన యొక టీకాను 2017లో శోధించగా, దాని వంశలేఖనము చాలవరకు అశ్వమశూచిని పోలియుండెను. శతాబ్దముల తరబడి చేతినుండి చేతికి, దూడనుండి దూడకు తిరుగుటలో తన పుట్టినింటి గుర్తులను పోగొట్టుకొన్న వైరసది. ఈ సంగతి చదివినపుడు నాకు మన సంఘమువారమే జ్ఞప్తికి వచ్చితిమి.

మశూచి పోయిన పిదప వాక్సీనియాకు పని లేకపోయినది. కొన్నేండ్లకే, 1982లో, అమెరికాలో రెండు బృందములు వేరువేరుగా దానికి క్రొత్త పని కనుగొనినవి. ఒకటి జాతీయ ఆరోగ్య సంస్థలలో బెర్నార్డ్ మాస్ బృందము. రెండవది న్యూయార్కు రాష్ట్ర ఆరోగ్యశాఖలో పనికాలి, పావొలెట్టీ అనువారిది.

వారు చేసినది సామాన్యభాషలో ఇట్లు చెప్పవచ్చును. వైరసు తనంత తాను బ్రతుకలేదు. జీవకణములో చొరబడి, తన వంశలేఖనమును ఆ కణముచేత చదివించి, తన ప్రోటీనులను తయారు చేయించుకొనును. వాక్సీనియా లేఖనము పెద్దది. సుమారు 1,90,000 అక్షరములు. అందు కొన్ని భాగములు లేకున్నను వైరసు బ్రతుకగలదు. పూర్వము లేఖకులు తాటాకు ప్రతులలో ప్రక్షిప్త పద్యములను చేర్చెడివారు. తరువాతి లేఖకుడు అది ప్రక్షిప్తమని యెరుగక మూలముతో పాటు దానిని గూడ ఎత్తివ్రాసెడివాడు. అట్లే ఈ శాస్త్రజ్ఞులు వేరొక వ్యాధి వైరసునకు చెందిన ఒక్క ప్రోటీను లేఖనమును వాక్సీనియాలోని అనవసర భాగమున చేర్చిరి. 25,000 అక్షరముల వరకు చేర్చుటకు అందు తావు కలదు. కణము భేదము తెలియక దానిని గూడ చదివి ఆ ప్రోటీనును తయారు చేయును. శరీరములోని రక్షకబలము ఆ ప్రోటీనును చూచి, పరాయిదని గుర్తించి, దానిని ఎదుర్కొను నేర్పును అలవరచుకొనును. వ్యాధి రాదు, వచ్చినది శత్రువు తొడుగులోని ముక్కయే కాని శత్రువు కాదు. తరువాతి రెండేండ్లలో కామెర్లు కలిగించు హెపటైటిస్-బి వైరసు ముక్కను ఇట్లు చేర్చి చింపాంజీలకు రక్షణ కలుగునని చూపిరి. పిచ్చికుక్క కాటు వ్యాధియైన రేబీసు వైరసు ముక్కను గూడ చేర్చిరి.

ఈ రేబీసు టీకాకు పెద్ద ప్రయోజనము మనుష్యులలో గాక నక్కలలో కలిగినది. పశ్చిమ ఐరోపాలో రేబీసు అడవి నక్కలలో నిలిచియుండెను. నక్కను పట్టి సూది వేయుట యెట్లు? టీకా ద్రవము నింపిన పొట్లములను చేపపొడితో చేసిన ఎరలలో పెట్టి హెలికాప్టరులనుండి అడవులలో జల్లిరి. నక్క ఎరను కొరికినచో నోటిలోనే టీకా పడును. బెల్జియములో 1987లో ప్రయోగము మొదలై, ఫ్రాన్సు, లక్సెంబర్గులకు వ్యాపించి, 2001 నాటికి ఆ మూడు దేశములును నక్కల రేబీసునుండి విముక్తి పొందినవి.

దీనికి ఒక చీకటి కోణము కలదు. 1986లో, అమెరికాలోని విస్టార్ సంస్థయు పాన్ అమెరికన్ ఆరోగ్య సంస్థయు కలసి, అర్జెంటీనాలోని అసూల్ అను చోట 20 ఆవులకు ఈ టీకానే వేసి చూచినవి. ఆ దేశ ప్రభుత్వమునకు తెలియపరచలేదు. సంగతి బయటపడగానే ప్రభుత్వము ప్రయోగమును ఆపివేసినది. ఆ యావుల పాలు పితికిన కూలీలకు ఏమియు చెప్పలేదని పెద్ద గగ్గోలు పుట్టినది. జెన్నరు కథ ఆవుతోను పాలు పితుకు స్త్రీతోను మొదలైనది. ఇన్నేండ్లకు మరల ఆవులును పాలు పితుకువారును వచ్చిరి. ఈ మారు వారిని అడిగినవారు లేరు. టీకా మంచిదగుట వేరు, అడుగకుండ వేయుట వేరు. ఎల్లిసు అబద్ధముకంటె ఈ మౌనమే నాకు పెద్ద నేరముగా తోచుచున్నది.

మనుష్యులయెడ వాక్సీనియా వాహనమునకు రెండు లోపములు కనబడినవి. మొదటిది, అది జీవించి పెరుగు వైరసు. రక్షకబలము తగ్గినవారికి హాని చేయగలదు. ఇందుకు పరిహారము జర్మనీలో ముందే సిద్ధముగా నుండెను. మ్యూనిక్కులో ఆంటన్ మయర్ టర్కీ దేశపు అంకారా రకమును కోడిపిల్లల కణములలో 500 మార్లకు పైగా పెంచి, మనుష్య కణములలో వృద్ధిచెందు శక్తిని పోగొట్టెను. ఆ మెత్తని రకమే నేడు ఎంపాక్సు వ్యాధికి టీకాగాను, కొన్ని యితర టీకాలకు వాహనముగాను ఉపయోగపడుచున్నది. రెండవ లోపము విచిత్రమైనది. ముందు చెప్పిన ఆ గుండ్రని మచ్చలు గలవారి శరీరమునకు వాక్సీనియా పాతశత్రువు. వాహనము వాకిట కనబడినంతనే రక్షకబలము దానిని కూలద్రోయును. అది మోసికొనివచ్చిన సరకు లోపలికి పోకమునుపే నశించును. మశూచినుండి మనలను కాచిన మచ్చయే క్రొత్త టీకాకు అడ్డుగోడ!

అందుచే వేరు వాహనములను వెదకిరి. సామాన్యమైన పడిసెమును కలిగించు ఎడినోవైరసు దొరకినది. పెరుగుటకు కావలసిన లేఖనమును దానినుండి తొలగించి ఆ స్థానమున పరాయి ప్రోటీను లేఖనమును చేర్చవచ్చును. అట్టి వైరసు కణములోనికి పోవును గాని పిల్లలు పెట్టదు. ఐనను చిక్కు తీరలేదు. పడిసెము రానివారెవరు? ఎయిడ్సు వ్యాధికి అయిదవ రకపు ఎడినోవైరసుపై చేసిన టీకాను వేలమందికి వేసి చూచుచుండగా, 2007లో ఆ పరీక్షను అర్ధాంతరముగా ఆపవలసివచ్చెను. టీకా రక్షింపలేదు, అంతేగాక ఆ ఎడినోవైరసు ముందే సోకియున్న పురుషులలో ఎయిడ్సు వైరసు సోకుట ఎక్కువగా కనబడినది. వాహనపు టీకాల చరిత్రలో ఇంతటి దెబ్బ వేరొకటి లేదు. ఐనను పరీక్ష జరిపినవారు ఫలితమును దాచలేదు. అది వారికి మెప్పు.

ఆ పిమ్మట ఆక్స్‌ఫర్డువారు మనుష్యులు ఎరుగని వాహనమును కోరి చింపాంజీల ఎడినోవైరసును ఎన్నుకొనిరి. కోవిడ్ వచ్చుసరికి అది వారి చేతిలో సిద్ధముగా నుండెను.

అంతకు ముందే పశ్చిమాఫ్రికాలో వేరొక వాహనము పరీక్షకు నిలిచినది. 2013 చివర మొదలైన ఎబోలా 11,000 మందికి పైగా బలిగొనినది. పశువులకును గుఱ్ఱములకును నోటిలో పొక్కులు కలిగించు వైరసొకటి కలదు. దాని పైతొడుగు లేఖనమును తీసివేసి, ఎబోలా తొడుగు లేఖనమును పెట్టి, కెనడాలోని విన్నిపెగ్ ప్రయోగశాలలో ఒక టీకాను తయారుచేసియుంచిరి. 2015లో గినియా దేశమున దానిని పరీక్షించినపుడు అనుసరించిన పద్ధతి, మశూచినాటి వలయమే. రోగి యింటివారికిని, కలసినవారికిని, వారిని కలసినవారికిని వెంటనే టీకా. వెంటనే వేయించుకొన్న వలయములలో పది దినముల తరువాత ఒక్కరికిని ఎబోలా రాలేదు. 2018 నుండి 2020 వరకు కాంగోలో వ్యాధి చెలరేగినపుడు 3,00,000 మందికి పైగా ఆ టీకా పొందిరి. తుపాకులు మ్రోగుచున్న గ్రామములలో, పరాయివారిని నమ్మని జనులమధ్య, స్థానికులైన వైద్యసేవకులు ఆ వలయములను అల్లిరి. వారిలో ప్రాణములు కోల్పోయినవారు కలరు.

కోవిడ్ సంగతి అందరును అనుభవించినదే. 2021 జనవరి 16వ తేదీన మన దేశమున టీకాలు వేయుట ఆరంభమైనది. చింపాంజీ ఎడినోవైరసు వాహనముగా గల ఆక్స్‌ఫర్డు టీకాను పూనాలోని సీరం సంస్థ కోవిషీల్డు పేరున తయారుచేసినది. దేశమున వేసిన మోతాదులలో నాలుగింట మూడు పాళ్లకు పైగా అదియే. ఆ సంవత్సరపు వసంతమున ఐరోపాలో, టీకా పొందినవారిలో బహుస్వల్ప సంఖ్యాకులకు రక్తము గడ్డకట్టు వింత వ్యాధి కనబడినది. జర్మను, నార్వే వైద్యులు వారములలోనే దాని స్వభావమును కనిపెట్టి ప్రకటించిరి. పెక్కు దేశములు ఆ టీకాను పెద్దవయసువారికి మాత్రమే పరిమితము చేసినవి. ఇందువలన ప్రజలు భీతిల్లిరనియు, చెప్పకుండిన మేలుగా నుండెడిదనియు అనినవారిని నేనెరుగుదును. వారికి 1819 నాటి లేఖయు అసూల్ ఆవులును తెలియవు. నేడు ఆ టీకా వాడుక ముగిసినది. అది కాపాడిన ప్రాణములును, దానివలన పోయిన కొద్ది ప్రాణములును రెండును లెక్కలో నున్నవి.

1802లో బొంబాయినుండి చేతినుండి చేతికి మారుచు టీకా చేరిన ఊళ్లలో హైదరాబాదు ఒకటియని పైన చెప్పితిని. వాహనపు టీకాల చరిత్రలోను ఆ నగరమునకు చోటు కలదు. సూది లేక ముక్కులో చుక్కలుగా వేయు కోవిడ్ టీకా, అదియు చింపాంజీ ఎడినోవైరసుపై చేసినదే, హైదరాబాదు భారత్ బయోటెక్కువారిచే తయారై 2023 జనవరి 26న విడుదలయ్యెను. అప్పటికి వ్యాధి తగ్గుముఖము పట్టుటచే వాడుక స్వల్పమైనది. అంతకు ముందు రష్యావారి స్పుత్నిక్ టీకా మన దేశమునకు వచ్చినది. ఒక మారు ఎక్కివచ్చిన వాహనమును శరీరము రెండవ మారు రానీయదన్న భయముచే, దాని మొదటి మోతాదుకు 26వ రకపు ఎడినోవైరసును, రెండవ మోతాదుకు 5వ రకమును వాడిరి. దారిలో గుఱ్ఱమును మార్చినట్లు! ఆ టీకా భారతదేశమున మొదట వేయబడినది హైదరాబాదులోనే. ఆ దినము 2021 మే 14. జెన్నరు ఫిప్సు చేతిమీద గీరిన దినమునకు సరిగా 225 సంవత్సరములు. ఎవరును పంచాంగము చూచి పెట్టిన ముహూర్తము కాదది.